కూర్చున్న కంటి ఎత్తు

సోఫాల మేస్త్రి కుట్టిన కుర్చీ ఎంత మెత్తగా ఉంటుందో చూద్దామని మధ్యాహ్నం భోంచేసి కూర్చున్న ఆఫీసరు ఒకాయన, నిద్ర లేచేసరికి రిటైరయిపోయి ఉన్నాడట. ఈ సంగతి చెప్పేది మేస్త్రే కాబట్టి నమ్మితీరాలన్న నియమమేమీ లేదు. కానీ ఆయన కుర్చీల్లో భూతద్దం పెట్టి వెతికినా ముడత దొరకదన్నది మాత్రం పోటీ దుకాణాలవాళ్లు కూడా కాదనలేని మాట. అందుకు కారణం మేస్త్రి కాదు, మేస్త్రి భార్య.

దుకాణంలో అందరూ ఆవిణ్ణి ఇన్‌స్పెక్టరమ్మ అనేవాళ్లు. కుర్చీ తయారై బండెక్కబోయే ముందు ఆవిడ వచ్చి, జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్లు చూసినట్టు, అరచేత్తో దాన్ని ఆసాంతం నిమిరేది. చెయ్యి ఎక్కడైనా ఆగిందంటే మేస్త్రి గుండె కూడా అక్కడే ఆగేది. ఆవిడ నోటితో ఏమీ చెప్పేది కాదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాలిలో నలిపేది. అంటే ఇక్కడ ముడత ఉంది, మేకులు పీకి మళ్లీ లాగు అని. మేస్త్రి ఒక్కోసారి ముడత మీద ఓ దిండు పెట్టి, ఏమీ ఎరగనట్టు పక్కకి చూసేవాడు. ఆవిడ దిండు తీసి, "దొంగమొహం" అనేది. ఇంట్లో "ఏవండీ", దుకాణంలో "మేస్త్రీ", దొరికిపోయినప్పుడు "దొంగమొహం". ఈ మూడు పిలుపుల్లో మేస్త్రికి మూడోదే ఇష్టం.

ఇప్పుడు ఆ మూడూ లేవు. మెదడులో ఎక్కడో ఓ రక్తనాళం పూడుకుపోయి ఇన్‌స్పెక్టరమ్మకి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. మాట పోయింది. అవి పోతే పోయాయి, మనిషి మిగిలింది చాలు అనుకున్నాడు మేస్త్రి. కానీ మనిషి కూడా ఎటో వెళ్లిపోయినట్టే ఉంది. ఎవరు పిలిచినా చూడదు. చెంచా పెదవుల దగ్గరికి వస్తే పెదవులు బిగించేస్తుంది. ముక్కులోంచి వేసిన గొట్టంతోనే ప్రాణం నిలుస్తోంది.

ఆస్పత్రి నుంచి పంపించేస్తూ డాక్టరు కూతుర్ని పక్కకి పిలిచి మాట్లాడాడు. మేస్త్రి కాస్త ఇవతల నిలబడి, వినకూడదనుకుంటూనే అంతా విన్నాడు.

"మింగగలదమ్మా, పరీక్ష చేశాం. మింగాలన్న కోరికే లేదు. ఈ గొట్టం ఎల్లకాలం ఉంచలేం. తినకపోతే పొట్టకి కోత పెట్టి గొట్టం వెయ్యాలి. ఆమె గుండె దాన్ని తట్టుకుంటుందని నేను మాట ఇవ్వలేను. ఇంట్లో ఏదో ఒకదాని మీద ఆమెకి ధ్యాస కలిగేలా చూడండి. వచ్చే వారం మళ్లీ తీసుకురండి, అప్పుడు నిర్ణయిద్దాం."

ధ్యాస అనగానే మేస్త్రికి తట్టింది ఒక్కటే. ఇంటి ముందుగది.

ఆ గదిని ఆయన ఏళ్ల తరబడి కట్టుకున్నాడు. డబ్బున్నవాళ్ల ఇళ్లలో హోమ్ థియేటర్లకి కుర్చీలు కుట్టీ కుట్టీ, తనకీ ఒకటి ఉండాలని బుద్ధి పుట్టింది. దుకాణంలో మిగిలిన ఫోమూ గుడ్డా తెచ్చి గోడలకి పరుపులు తొడిగాడు. కిటికీని కూడా వదల్లేదు. ఎదురుగోడకి ఈ మూల నుంచి ఆ మూల దాకా చెక్కచట్రం కట్టి, దాని మీద తెల్లటి మందపాటి గుడ్డని డప్పులా బిగించాడు. అదే తెర. చిటికేస్తే మోగేదనీ, ఓ ఈగ వచ్చి వాలితే ఎగిరి వెనక్కి పడేదనీ చెబుతాడు. వెనక గోడ మీద అరలో ఓ పాత ప్రొజెక్టరు. ముందు ఓ వరుస, వెనక చెక్క అరుగు మీద ఇంకో వరుస వాలుకుర్చీలు. ముందు వరుసలో మధ్యది ఇన్‌స్పెక్టరమ్మది. ఆవిడ కొలతకే కుట్టింది. కాళ్లు నేలకి అందుతాయి, కుడిచేతి కింద పళ్లెం పట్టేంత వెడల్పు.

సినిమా మొదలైతే తెర మీదవాళ్ల కంటే ఆవిడే ఎక్కువ మాట్లాడేది. "హంతకుడు వాడే. చొక్కా చూడండి ఎలా నలిగిందో" అని మొదటి పాటకి ముందే తేల్చేసేది. చిత్రమేమిటంటే చాలాసార్లు వాడే అయ్యేవాడు. ఇరుగుపొరుగువాళ్లు సినిమా కోసం కాక ఆవిడ మాటల కోసం వచ్చి కూర్చునేవాళ్లు. ఓసారి తెర మీది విలన్ ఆవిడ తిట్లు పడలేక ఇంటర్వెల్‌కి ముందే లొంగిపోయాడని మేస్త్రి చెబితే, నవ్వారే గానీ ఎవరూ కాదనలేదు.

ఆవిణ్ణి ఇంటికి తెచ్చే రోజు పొద్దున్నే కూతురు ఆ గదిలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మెట్లు లేకుండా మంచం పట్టేది ఇంట్లో ఆ గదిలోనే.

"ఆ తెర పీకేద్దాం నాన్నా. కిటికీ తెరుద్దాం. అమ్మకి గాలీ వెలుతురూ కావాలి."

"అమ్మకి సినిమా కావాలి."

"అమ్మ మన మొహమే చూడట్లేదు. సినిమా చూస్తుందా?"

"నీ మొహం రోజూ ఉండేదే కదే. దాని మీద అంత ఆసక్తి ఎందుకుంటుంది?"

కూతురు నవ్వలేదు. మేస్త్రి కూడా నవ్వించడానికి అన్నది కాదు, నోరు ఊరుకోక అన్నది. ఇద్దరూ కలిసి కిటికీ మీది పరుపు ఊడదీశారు. తెర మాత్రం మేస్త్రి ముట్టుకోనివ్వలేదు.

సామాను మొయ్యడానికి బామ్మర్ది వచ్చాడు. ఇన్‌స్పెక్టరమ్మ తమ్ముడు. దుకాణం సోఫాలు ఇళ్లకి చేరవేసే ట్రాలీ ఆటో అతనిదే. ఇద్దరూ కలిసి వెనక వరుసలో కుర్చీ ఒకటి ఎత్తి గుమ్మం దాకా తెచ్చారు. అది గుమ్మంలో ఇరుక్కుంది. నిలువుగా తిప్పారు, అడ్డంగా తిప్పారు, తలకిందులు చేశారు. అవి గది లోపలే కట్టిన కుర్చీలు. గుమ్మం కొలత తీసుకోవాలన్న ఆలోచన మేస్త్రికి ఏనాడూ రాలేదు.

"బావా, ఇవి లోపలే పుట్టాయా?"

"ఆ, లోపలే."

"అయితే లోపలే పోతాయి."

బామ్మర్ది నాలిక్కరుచుకుని, మరలు తిప్పే పరికరం కోసమని బయటికి వెళ్లి చాలాసేపటిదాకా రాలేదు. తర్వాత కుర్చీల వీపులూ చేతులూ ఊడదీసి ముక్కలుగా బయటికి చేరవేశారు. చెక్క అరుగు కూడా లేపేశారు. ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీ ఒక్కదాన్ని మేస్త్రి గోడ పక్కకి జరిపి ఉంచేశాడు.

"లేచాక కూర్చోవద్దూ?" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

తర్వాత తన కొలతకర్ర తీశాడు. నూనె తాగి నల్లబడ్డ టేకు బద్ద అది. దాని మీద కత్తితో పెట్టిన గాట్లు ఉంటాయి. ఒక గాటు సీటు ఎత్తు, ఒకటి చేతి ఎత్తు, అన్నిటికంటే పైది కూర్చున్న కంటి ఎత్తు. ఏ గదిలో అడుగుపెట్టినా మేస్త్రి ఆ గాటు నుంచే కొలత మొదలుపెడతాడు. మంచం మీద పరుపు పైన కర్ర నిలబెట్టి, పై గాటు దగ్గర కన్ను పెట్టి చూసి, తెరని బెత్తెడు పైకి జరిపించాడు. ప్రొజెక్టరు అరని కూడా జరిపాడు. మళ్లీ చూశాడు. బొమ్మ సరిగ్గా కంటికెదురుగా పడింది. తన పని తనకే ముద్దొచ్చింది. అన్నాళ్ల తర్వాత మొదటిసారి ఆయనకి ఆకలేసింది.

అంబులెన్సు మధ్యాహ్నానికి వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మని మంచం మీదికి మార్చగానే, మేస్త్రి వెనక దిండ్లు పేర్చి కూర్చోబెట్టబోయాడు. ఆవిడ కుడివైపుకి జారిపోయింది. గట్టి దిండు పెట్టాడు. ఎడమవైపుకి వాలి, తల వేలాడేసింది.

"ఆపు నాన్నా. ఇప్పుడే కూర్చోబెట్టొద్దని నర్సు చెప్పింది కదా. తల కింద కొంచెం ఎత్తు పెట్టి పడుకోబెట్టమంది."

"నర్సుకేం తెలుసే దిండ్ల గురించి?"

"అమ్మ గురించి తెలుసు."

పడుకోబెట్టారు. మేస్త్రి కిటికీ మూసి ప్రొజెక్టరు వేశాడు. ఆవిడకి బాగా నచ్చిన హత్యల సినిమా పెట్టాడు. తెర మీద హంతకుడు నలిగిన చొక్కాతో ఇటూ అటూ తిరుగుతున్నాడు. "ఎవరే చంపింది? చెప్పవే" అన్నాడు మేస్త్రి. ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి, తెర వైపు మాత్రం లేవు. కూతురు చెంచాతో జావ తెచ్చింది. పెదవులు బిగుసుకున్నాయి. గడ్డం మీంచి కారిన జావని తుడుస్తూ కూతురు మొహం అటు తిప్పుకుంది.

మర్నాటి నుంచి మేస్త్రికి అదే పిచ్చి. దుకాణానికి వెళ్లడం మానేశాడు. పొద్దున లేస్తే దిండ్లు కుట్టడమే. ఏటవాలు దిండు, మెడ దగ్గర గుంట ఉన్న దిండు, రెండువైపులా చెవులున్న దిండు. మనిషిని అమ్మ ఒళ్లో పెట్టుకున్నట్టు పట్టుకోవాలని ఒక్కొక్కటీ కుట్టి తెచ్చేవాడు. ఒక్కొక్క దాంట్లోంచీ ఆవిడ నీళ్లలా జారిపోయేది. వాడని దిండ్లు గుమ్మం పక్కన గుట్టపడ్డాయి.

"బావా, దుకాణం ఇక్కడికి మార్చావా?" అన్నాడు బామ్మర్ది.

మేస్త్రి సూదిలో దారం ఎక్కించుకున్నాడు. మాటకి మాట అప్పజెప్పని బావని బామ్మర్ది చూడటం అదే మొదటిసారి. అతనికి భయమేసింది.

వారం గడిచిపోతోంది. ముక్కు గొట్టం మార్పించాలని కూతురు తల్లిని అంబులెన్సులో ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇంట్లో మేస్త్రి ఒక్కడే మిగిలాడు. ఇంకో దిండు కోసం ఫోమ్ ముక్క చేతిలోకి తీసుకున్నాడు గానీ కత్తెర ఆడలేదు. ఏం కొయ్యాలో తోచలేదు. తనకి తెలిసిన పనంతా అయిపోయింది. ఖాళీ మంచం దగ్గరికి వచ్చి కాసేపు నిలబడ్డాడు. దుప్పటి మీద ఆవిడ ఒంటి పల్లం ఇంకా ఉంది. ఎవరూ చూడటం లేదు కదా అని ఆ పల్లంలో పడుకున్నాడు. ఏడుద్దామనే పడుకున్నాడు. కళ్లు తుడుచుకుని పైకి చూశాడు.

తెర కనపడలేదు. తెర పై అంచు చెక్క మాత్రం, అదీ కళ్లని బాగా కిందికి తిప్పితే, ఓ గీతలా కనబడింది. తిన్నగా కనబడుతున్నది ఫ్యాను. దాని చుట్టూ తడికి ఉబ్బిన సున్నం. ఫ్యాను రెక్కకి వేలాడే బూజుపోగు ఒకటి తిరుగుతోంది. ఇన్నాళ్లూ తాను పక్కన కూర్చుని ఎవరు చంపారు, ఎవరు చంపారు అని అడుగుతుంటే, పాపం ఆవిడ చూస్తున్నది ఆ బూజుపోగుని.

లేచి కొలతకర్ర తీశాడు. ఎన్నో వేలమందిని కూర్చోబెట్టిన కర్ర. దాని మీద పడుకున్న మనిషికి గాటు లేదు. ఆయన బతుకులోనే లేదు. మనిషన్నాక కూర్చుంటుందని, ఇవాళ కాకపోతే రేపు కూర్చుంటుందని నమ్మి గదినంతా ఆ గాటుకి కట్టాడు.

బామ్మర్ది వచ్చేసరికి గదిలో చెక్కలు విరుగుతున్న చప్పుడు. మేస్త్రి నేల మీద కూర్చుని ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీకి మేకులు పీకుతున్నాడు.

"బావా, అది అక్క కుర్చీ."

"నాకు తెలీదంట్రా?"

"అక్క లేచాక..."

"లేవదురా."

అన్నాక మేస్త్రి చేతిలో పట్టుకారు కాసేపు కదల్లేదు. తర్వాత మళ్లీ మేకు మీద పడింది.

"తెర కిందకి దించాలి. పై అంచు మంచం మధ్యకి పైన రావాలి, కింది అంచు ఎదురుగోడకి ఆనాలి. ఏటవాలుగా. దాని కళ్లకి తిన్నగా. చట్రం చిన్నది చెయ్యాలి. పాత చెక్క వేలాడదీస్తే వంగిపోతుంది, మంచి చెక్క కావాలి. ఈ ఇంట్లో దీన్ని మించిన చెక్క లేదు. ఏం చూస్తున్నావు, నిచ్చెన తే."

"మరి ఫ్యానో?"

"పీకెయ్."

"ఉక్కకి అక్క నన్ను తిడుతుంది."

"తిట్టనీ. అంతకంటే ఏం కావాలిరా."

ఇద్దరూ ఒళ్లు తెలియకుండా పనిచేశారు. తెర గుడ్డ విప్పి కత్తిరించారు. కొత్త చట్రం మీద పరిచి, నాలుగు పక్కలా మధ్యలో ఒక్కొక్క మేకు కొట్టి, అక్కణ్ణుంచి మూలల వైపు లాగుతూ పోవాలి. మేస్త్రి పద్ధతి అది. మూలలు ఆఖరికి వస్తాయి, ఓపిక అయిపోయే వేళకి వస్తాయి. పైకప్పుకి కొక్కేలు దించి, చట్రం వేలాడదీసి, ఆఖరి మూల బిగించేలోపే వీధిలో అంబులెన్సు ఆగిన చప్పుడయింది. మేస్త్రి ఆ మూల రెండు మేకులు కొట్టి దిగేశాడు.

కూతురు గుమ్మంలో ఆగిపోయి, గదినీ, నేల మీద కుర్చీ తొక్కనీ చూసింది. తండ్రి మొహం కూడా చూసి, తొక్కని కాలితో పక్కకి జరిపి దారి చేసింది.

ఇన్‌స్పెక్టరమ్మని పడుకోబెట్టారు. ప్రొజెక్టరు కింద ఫోమ్ ముక్క పెట్టి మూతి పైకెత్తాడు మేస్త్రి. బొమ్మ ఆవిడ మొహానికి ఎదురుగా, మీద పడుతున్నంత దగ్గరగా నిండింది. కళ్లు బొమ్మ మీదే ఉన్నాయి, కానీ చూపు లేదు. అద్దంలో పడ్డట్టు ఆ కళ్లలో మనుషులు కదులుతున్నారు, అంతే. కూతురు జావ తెచ్చి పెదవుల దగ్గర పెట్టింది. పెదవులు తెరుచుకోలేదు. సినిమా సగమయింది. మేస్త్రి గోడకి జారబడి, ఇన్నాళ్లూ గుండెల్లో ఏది పట్టుకుని నిలబడ్డాడో అది జారిపోతుంటే ఊరికే చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు దగ్గరికి ఎల్లుండి వెళ్లాలి.

అప్పుడు తెర మీదికి హంతకుడు వచ్చాడు. కెమెరా దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చాడు. మొహం తెరంతా నిండింది. తొందరలో వదిలేసిన మూలలో గుడ్డ వదులై ఏటవాలుగా ఓ ముడత పడింది. ఆ ముడత సరిగ్గా వాడి బుగ్గ మీద ఉంది. మూతి చెవి దాకా సాగి, వాడు ఏడుస్తున్నాడో ఇకిలిస్తున్నాడో తెలియకుండా ఉంది.

ఇన్‌స్పెక్టరమ్మ కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి.

"నాన్నా" అంది కూతురు.

దుప్పటి మీద ఎడమచెయ్యి కదిలింది. కొంచెం లేచింది. బొటనవేలూ చూపుడువేలూ ఒకదాన్నొకటి వెతుక్కుని, కలుసుకుని, గాలిలో మెల్లగా నలిగాయి.

మేస్త్రి నిచ్చెన ఎలా ఎక్కాడో ఎక్కాడు. "ఇక్కడా? ఇక్కడేనా?" అంటూ మూల మేకులు పీకాడు. గుడ్డ పట్టి లాగాడు. ప్రొజెక్టరు వెలుగు ఆయన మీద పడి, హంతకుడి మొహం మేస్త్రి చొక్కా మీద నిలబడింది. ఇన్‌స్పెక్టరమ్మ ఆయన చేతుల్నే చూస్తోంది. ఒకప్పుడు దుకాణంలో చూసినట్టే, నమ్మకం లేకుండా చూస్తోంది. ఆ చూడటంలో పెదవులు కాస్త విడ్డాయి. కూతురు సందు చూసి చెంచా పెట్టేసింది. ఆవిడ విసుగ్గా మింగేసింది, పనిలో ఉన్నప్పుడు అడ్డమొచ్చిన దాన్ని తోసేసినట్టు. ఇంకో చెంచా కూడా అలాగే వెళ్లింది.

"లాగు బావా, ఇంకా లాగు" అంటున్నాడు బామ్మర్ది కిందనుంచి, మొహమంతా తడిసిపోయి.

మర్నాడు తెర డప్పులా ఉంది. ముడత లేదు. ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని ఒకసారి చూసి కళ్లు మూసుకుంది. చెంచా వస్తే పెదవులు బిగించింది. పొద్దుట గిన్నె నిండుగా తిరిగిపోయింది. మధ్యాహ్నం గిన్నె కూడా అంతే. మేస్త్రి వరండాలోకి వచ్చి తల పట్టుకున్నాడు. నిన్నటిది నిన్నటితోనే అయిపోయిందా? ఒక్క ముడతకి దొరికినంతే దొరుకుతుందా?

లేచాడు. లోపలికి వెళ్లి, ఆవిడ కళ్లు మూసుకుని ఉండటం చూసి, అలికిడి లేకుండా నిచ్చెన ఎక్కి ఓ మూల మేకు ఒకటి లేపి దిగాడు. సాయంత్రం హంతకుడికి బదులు హీరోయిన్‌కి మూతి సాగింది. ఇన్‌స్పెక్టరమ్మ వేళ్లు లేచాయి. మేస్త్రి నిచ్చెన ఎక్కాడు. గిన్నె ఖాళీ అయింది.

డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు, గిన్నెలు ఖాళీ అవుతున్నాయని కూతురు చెబితే, ఆయన పొట్ట కోత సంగతి వాయిదా వేశాడు. పూర్తిగా వద్దనలేదు. "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం మేస్త్రికి మెడ మీద కత్తి. ఆవిడ నోరు తెరవడం మానేస్తే మళ్లీ ఆ పొట్ట కోతే. అందుకని ఆవిడ కునుకు తీసినప్పుడల్లా నిచ్చెన ఎక్కడం, ఈ మూలో ఆ మూలో లేపడం. తన బతుకంతా ముడత లేకుండా పనిచెయ్యడం నేర్చుకున్నవాడు, ఇప్పుడు ముడత పెట్టడం నేర్చుకుంటున్నాడు. అది తేలికేం కాదు. మరీ వదులైతే దొరికిపోతాడు, మరీ బిగువైతే ఆవిడకి కనపడదు. ఎన్నాళ్లు ఇలా? ఏదో ఒక రోజు ఆవిడకి ముడతల మీద కూడా విసుగు పుడితే?

ఓ పొద్దున కూతురు జావ కలుపుతోంది. కిటికీలోంచి ఎండ తెర మీద పడుతోంది. ఇన్‌స్పెక్టరమ్మ కళ్లు మూసుకుని ఉంది. మేస్త్రి నిచ్చెన మీద నిలబడి పట్టుకారుతో మూల మేకు పట్టుకుని, గుడ్డ చిరక్కుండా, ఊపిరి బిగబట్టి లాగుతున్నాడు. మేకు ఊడి వచ్చింది.

"దొం..."

మేస్త్రి బిగుసుకుపోయాడు. పట్టుకారు చేతిలోంచి జారి నేల మీద పడింది.

"దొం... గ... మొ..."

అంత దాకా వచ్చి మాట ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడాలంటే ఆయనకి భయం. తిరిగితే ఆ మాట పోతుందేమోనని భయం. నిచ్చెన పై మెట్టుని రెండు చేతులా పట్టుకుని గోడకేసి మొహం పెట్టాడు. వంటింటి గుమ్మంలో కూతురు గిన్నెతో నిలబడిపోయింది.

"ఇంకొక్కసారి అనవే" అన్నాడు మేస్త్రి గోడతో. "మిగతాది కూడా అను."

ఇన్‌స్పెక్టరమ్మ అనలేదు. మెల్లగా తిరిగి చూస్తే ఆవిడ కళ్లు తెరిచి తిన్నగా ఆయన్నే చూస్తోంది, ఎన్ని రోజులుగా చూస్తోందో ఏమో. ఎడమచెయ్యి లేచింది. వేళ్లు గాలిలో నలిగాయి. తర్వాత ఆ చెయ్యి గిన్నె వైపు తిరిగి, కాస్త ఆగమన్నట్టు కూతుర్ని ఆపింది. ముందు పని కావాలి.

మేస్త్రి నిచ్చెన దిగి పట్టుకారు తీసుకున్నాడు. ఆ ఒక్క మూల బిగిస్తే సరిపోయేదే. కానీ ఆయన ఆ పక్క మేకులన్నీ పీకేసి, మళ్లీ మధ్యలోంచి మొదలుపెట్టాడు.